“ఈ బండి అమ్ముతారా?” అని దారిన పోయే మనిషి అడిగితే ఏం చేయాలి

పెట్రోల్ బంకులో వరసలో ఉంటారు. ఎవరో పక్కనే బైక్ ఆపి, బానెట్ మీద చెయ్యి వేసి, “సార్, ఇది ఏ మోడల్? ఇచ్చేస్తారా?” అని అడుగుతారు. ప్రీమియర్ పద్మిని, అంబాసిడర్, కాంటెస్సా, స్టాండర్డ్ హెరాల్డ్, ఎనభైల నాటి మారుతి 800, ఈ పాత కార్లలో ఏది నడుపుతున్నా ఈ ప్రశ్న మీకు తప్పదు. పద్మిని తయారీ 2000 ప్రాంతంలో ఆగిపోయింది. కాంటెస్సా 2002లో, అంబాసిడర్ 2014లో ఆగాయి. ముంబయి రోడ్ల మీద చివరి పద్మిని టాక్సీ కూడా 2023 అక్టోబరులో సెలవు తీసుకుంది. కొత్తవి రావు, ఉన్నవి ఏటికేడు తుక్కు కొట్లకు పోతున్నాయి. అందుకే బాగా నడిచే బండి కనబడితే జనం ఆగి మరీ అడుగుతున్నారు.

మా ఇంట్లో ఉన్నది 1986 పద్మిని, నాన్నగారు కొన్నది. మొదటిసారి ఈ ప్రశ్న ఎదురైంది తెనాలిలో, ఒక కల్యాణ మండపం బయట. పెళ్లి హడావిడిలో ఉన్నాను, ఏదో ఒకటి చెబితే పోతాడులే అని నోటికొచ్చిన అంకె చెప్పేశాను. ఆయన పెళ్లివారి దగ్గర మా అడ్రసు కనుక్కుని, మర్నాడు పొద్దున ఎనిమిదింటికల్లా ఇద్దరు మనుషుల్ని, సంచిలో డబ్బుని వెంటబెట్టుకుని విజయవాడలో మా గేటు ముందు నిలబడ్డాడు. తలుపు తీసింది అమ్మ. “మీ అబ్బాయిగారే రేటు చెప్పారమ్మా, మాట మీద వచ్చాం” అన్నాడు. అమ్మ నా వంక చూసిన చూపు ఇంకా గుర్తుంది. ఆ మాట వెనక్కి తీసుకోవడానికి మూడు వారాలు పట్టింది.

ఆయన తప్పేమీ లేదు. అడిగేవాళ్లు నెలల తరబడి అలాంటి బండి కోసం వెతుకుతూ ఉంటారు. రేటు ఎంత, ఎక్కడ తుప్పు పడుతుంది, ఏ సామాను దొరకదు, అన్నీ వాళ్లకు తెలుసు. మీరేమో ఒక్క నిమిషం కూడా ఆలోచించి ఉండరు. నష్టమంతా ఈ తేడాలోనే ఉంది. అందుకే ఎవరూ అడగకముందే మీ వైపు పని పూర్తి చేసి పెట్టుకోవాలి.

ముందు ఇంట్లో తేల్చుకోండి

ఒక ఆదివారం ఇంట్లో అందరూ ఉన్నప్పుడు కూర్చుని అడగండి: మంచి మనిషి, మంచి ధర వస్తే ఇద్దామా, వద్దా? “చూద్దాంలే” అని వదిలేయకండి. ఇచ్చేది లేదనుకుంటే అదే జవాబు, ఎవరడిగినా అంతే. ఇవ్వొచ్చు అనుకుంటే, ఎంతకు తక్కువైతే ఇవ్వకూడదో ఒక అంకె రాసి పెట్టుకోండి. వేరే ఊళ్లో ఉన్న అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు కూడా ఫోన్ చేసి చెప్పండి. నాన్న బండి అనేది ఒక్కరిది కాదు. అమ్మాక తెలిస్తే ఆ బాధ చాలాకాలం ఉంటుంది.

తర్వాత బీరువాలోంచి ఆర్‌సీ తీసి ఎవరి పేరు మీద ఉందో చూడండి. పాత బళ్లలో చాలావాటికి చిక్కు ఇక్కడే ఉంటుంది. మా పద్మిని, నాన్నగారు పోయాక కూడా ఆయన పేరు మీదే ఉండిపోయింది. తెనాలి ఆయన డబ్బు తెచ్చిన రోజున నేను ఇద్దామనుకున్నా ఇవ్వడానికి లేదు, ఎందుకంటే చట్టం ప్రకారం అప్పటికి అది నా బండి కాదు. యజమాని చనిపోతే వారసులు ఆ సంగతి 30 రోజుల్లో ఆర్టీఓ ఆఫీసుకు తెలియజేసి, మూడు నెలల్లోపు ఫారం 31తో పేరు మార్పించుకోవాలి. డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసుల ఒప్పుకోలు కావాలి. ఆలస్యమైనా సరే, అమ్మే ఉద్దేశం లేకపోయినా సరే, ఇది ముందు చేయించండి. నాకు ఆఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరగాల్సి వచ్చింది, అయినా ఆ పని చేయించినందుకు ఎంతో సంతోషించాను.

పేరు సరిగ్గా ఉంటే గడువు చూడండి. సొంత కారు రిజిస్ట్రేషన్ మొదట 15 ఏళ్లకు, ఆ తర్వాత ప్రతి ఐదేళ్లకోసారి రెన్యువల్. 20 ఏళ్లు దాటిన కారుకు రెన్యువల్ ఫీజును కేంద్రం 2025 ఆగస్టులో 10,000 రూపాయలు చేసింది. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు బండి నిలబెట్టాలి, గ్రీన్ ట్యాక్స్ కట్టాలి. ఎప్పుడో అప్పు తీర్చేసినా ఆర్‌సీ మీద ఫైనాన్స్ పేరు అలాగే ఉండిపోతే, ఫారం 35తో దాన్ని తీయించాలి. కాగితాలన్నీ సరిగ్గా ఉన్న పాత బండికి ఉండే విలువ, కాగితాలు లేని మెరిసే బండికి ఉండదు.

రోడ్డు మీద అడిగినప్పుడు

అంకె చెప్పకండి. సరదాకి కూడా చెప్పకండి. “అబ్బే, పది లక్షలిస్తే ఇస్తా” అని నవ్వుతూ అన్నా, ఆ మాట అవతలివాళ్ల చెవిలో రేటుగానే పడుతుంది.

నేను ఇప్పుడు వాడే మాట ఒకటే: “ఇప్పటికైతే అమ్మట్లేదండీ. మీ నెంబరు ఇవ్వండి, అనుకున్నప్పుడు నేనే ఫోన్ చేస్తా.” పేరు, ఊరు, నెంబరు రాసుకుంటాను. నా నెంబరు మాత్రం ఇవ్వను. నెంబరు మన చేతిలో ఉంటే ఎప్పుడు మాట్లాడాలో మనం తేల్చుకోవచ్చు. మన నెంబరు వాళ్ల దగ్గరుంటే రాత్రి పదింటికి కూడా ఫోన్ మోగుతుంది. డ్యాష్‌బోర్డు అరలో దీనికోసమే ఒక చిన్న నోటు పుస్తకం పెట్టాను. తేదీ వేసి, ఎక్కడ కలిశారో, బండిలో ఏం చూశారో రెండు ముక్కలు రాస్తాను. అమ్మాలనుకున్న రోజున ఆ పుస్తకమే పెద్ద ఆస్తి.

ఇల్లు ఎక్కడ, బండి రాత్రిపూట ఎక్కడ పెడతారు, ఇంట్లో ఎవరెవరుంటారు అని అడిగితే చెప్పాల్సిన పని లేదు. “కొంచెం పనుందండీ” అని బయల్దేరండి.

చేతులు చూడండి

మాటల కన్నా వాళ్ల చేతులు ఎక్కువ చెబుతాయి. వ్యాపారం చేసేవాళ్లు రంగు వైపు చూడరు. వంగి, తలుపు కింది అంచు మీద వేలి కణుపుతో కొడతారు. రేకు ఉన్నచోట ఖంగుమంటుంది, పుట్టీ పెట్టినచోట మొద్దుగా, మట్టికుండ మీద కొట్టినట్టు వినిపిస్తుంది. కొందరి జేబులో చిన్న అయస్కాంతం కూడా ఉంటుంది, పుట్టీ మందంగా ఉంటే అది అంటుకోదు. ఇలాంటివాళ్లతో బేరం ఆడొచ్చు, కానీ వాళ్లు చెప్పే మొదటి ధర ఎప్పుడూ కొట్లో అమ్మే ధరకు చాలా కిందే ఉంటుంది.

బళ్లంటే నిజంగా ఇష్టం ఉన్నవాళ్లు ప్రశ్నలు వేస్తారు. చోక్ లాగితే పొద్దున్నే స్టార్టవుతోందా? ఇంజను దీని సొంతదేనా, డీజిల్ ఇంజను వేయించారా? బీడింగ్ కంపెనీదేనా? వాళ్లకు జవాబులు నిజాయితీగా చెప్పండి. అమ్మకపోయినా ఇలాంటివాళ్ల పరిచయం పనికొస్తుంది. నా బండికి రెండేళ్లుగా దొరకని బటర్‌ఫ్లై గ్లాసు (తలుపు మూలన ఉండే చిన్న అద్దం) రబ్బరు ఇలా రోడ్డు మీద పరిచయమైనాయనే సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఒక పాత కొట్టు చూపించి ఇప్పించాడు.

మూడో రకం వాళ్లకు కొనాలనేమీ ఉండదు, కొనేట్టు అడుగుతారు, అంతే. గుంటూరులో ఒకసారి డెబ్బై దాటిన పెద్దాయన ఒకరు “అమ్ముతావా బాబూ” అన్నారు. ఎందుకో ఆ గొంతు విని, తాళం తీసి డ్రైవర్ సీట్లో కూర్చోమన్నాను. కూర్చోగానే, చూడకుండానే, ఆయన ఎడమ చెయ్యి స్టీరింగ్ కింది గేరు రాడ్డు మీదకు పోయింది. ఇంజను ఆపి ఉంది. క్లచ్ తొక్కి ఫస్టు, సెకండు, థర్డు, టాపు, వరసగా ఒక్కసారి వేసి, మళ్లీ న్యూట్రల్‌కు తెచ్చి చెయ్యి తీశారు. “మా తమ్ముణ్ణి దీంట్లోనే ఆస్పత్రికి తీసుకెళ్లా” అన్నారు. అంతకుమించి ఏమీ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇలాంటి మనిషి ఎదురైతే తొందరపడి వెళ్లిపోకండి, ఐదు నిమిషాలు ఇవ్వండి.

ఇంకో రకం ఉంది, వాళ్లతో జాగ్రత్త. “బండి ఎలా ఉన్నా పర్లేదు సార్, కాగితాలు క్లియర్‌గా ఉంటే చాలు” అంటారు. బండి వద్దు, ఆర్‌సీ, చాసిస్ నెంబరు చాలు అంటే, ఆ నెంబర్లు ఇంకేదో బండి మీద కొట్టే ఉద్దేశం ఉండొచ్చు. అది దొంగ బండి కావొచ్చు. రేపు పోలీసులు వచ్చేది మీ గుమ్మానికే. మాట కూడా సాగనివ్వకండి.

ఫోన్‌లో మాట్లాడేటప్పుడు

అమ్మాలని నిజంగానే అనుకున్నాక నోటు పుస్తకంలో నలుగురికి ఫోన్ చేయండి. బండి ఫోటోలు పంపొచ్చు. ఆర్‌సీ, చాసిస్ నెంబరు, ఇంజను నెంబరు, ఆధార్ ఫోటోలు మాత్రం పంపొద్దు, అవి మనిషి ఎదురుగా వచ్చి చూసుకోవాల్సినవి. తప్పనిసరై ఆధార్ జిరాక్స్ ఇస్తే, దాని మీద అడ్డంగా ఏ పనికి ఇస్తున్నారో, తేదీ ఎంతో పెన్నుతో రాసి ఇవ్వండి.

బండి చూడకుండానే, బేరం ఆడకుండానే, అడిగినంతా ఇస్తామనేవాళ్లను నమ్మకండి. “ఆర్మీలో పనిచేస్తున్నా, ట్రాన్స్‌ఫర్ అయింది, రాలేను, అడ్వాన్స్ ఇప్పుడే వేస్తా, ఈ క్యూఆర్ స్కాన్ చేయండి” అంటారు. డబ్బు మనకు రావడానికి స్కాన్ చేయాల్సిన పని లేదు, పిన్ కొట్టాల్సిన పని అసలే లేదు. పిన్ కొట్టారంటే డబ్బు మీ ఖాతాలోంచి పోతున్నట్టే. పొరపాటున పోతే సిగ్గుపడి దాచకుండా వెంటనే సైబర్ మోసాల నెంబరు 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

ధర ఎలా అనుకోవాలి

ఆన్‌లైన్‌లో కనిపించేవి అమ్మేవాళ్లు అడిగే రేట్లు, నిజంగా అమ్ముడుపోయిన రేట్లు కావు. అదే మోడల్ ఉన్న ముగ్గురు యజమానుల్ని, ఆటోనగర్‌లో పాత బళ్లు చేసే ఒక మేస్త్రిని అడగండి. ఇంజను ఆర్‌సీలో ఉన్నదేనా, ఫ్లోరు గట్టిగా ఉందా, అద్దాలు, దీపాలు, మీటర్లు కంపెనీవేనా, ధర వీటి మీదే ఆధారపడుతుంది. 1989కి ముందు నాటి మూడక్షరాల పాత నెంబరుతో, మొదటి యజమాని ఇంట్లోనే ఉన్న బండి అయితే ఇష్టపడేవాళ్లు ఇంకొంచెం ఇస్తారు. బోరింగు, టింకరింగు, పెయింటు పనుల రసీదులు ఒక ఫైల్లో పెట్టండి. పెట్టిన ఖర్చంతా ధరలో తిరిగొస్తుందని మాత్రం అనుకోవద్దు, సాధారణంగా రాదు.

“వింటేజ్ కింద మార్పించుకుంటాం సార్” అనే మాట వింటారు. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బళ్లకే అది వర్తిస్తుంది. ఫీజు 20,000, గడువు పదేళ్లు, నెంబరులో ‘వీఏ’ అని వస్తుంది. రోజువారీ తిరగడానికి అది పనికిరాదు, ప్రదర్శనలకు, ర్యాలీలకు, ఆయిల్ పోయించుకోవడానికి, రిపేరుకు తీసుకెళ్లొచ్చు. కాబట్టి నాలాంటి 1986 బండి గురించి ఎవరైనా ఆ మాట చెబితే, వాళ్లకు తెలియదు లేదా మీకు తెలియదనుకుంటున్నారు.

చూపించేటప్పుడు

పగలు చూపించండి, పక్కన ఇంకో మనిషిని పెట్టుకోండి. ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేసి చూపిస్తే కొనేవాళ్లకు మీ మీద నమ్మకం కుదురుతుంది. లోపాలు మీరే ముందు చెప్పండి. నేను డిక్కీ లోపల తుప్పు పట్టిన చోటు నేనే చాప ఎత్తి చూపిస్తాను. అలా చెప్పాక బేరంలో దాన్ని పట్టుకుని సాగదీసేవాళ్లు తక్కువ.

నడిపి చూస్తామంటే లైసెన్సు చూడండి, మీరు పక్క సీట్లో కూర్చోండి. తాళం ఇచ్చి గేటు దగ్గర నిలబడొద్దు. స్టీరింగ్ గేరు, గట్టిగా తొక్కాల్సిన సర్వో లేని బ్రేకు అలవాటు లేని కుర్రాళ్లయితే ముందు మీరే ఒక రౌండు తిప్పి, ఖాళీ రోడ్డు మీద బండి చేతికివ్వండి.

డబ్బు

రెండు లక్షలు, అంతకుమించి ఒకరి దగ్గర నగదుగా తీసుకోకూడదని ఆదాయపు పన్ను చట్టం చెబుతోంది. తీసుకుంటే అంత మొత్తం జరిమానా పడేది తీసుకున్న మనిషికే. విడగొట్టి రెండు రోజుల్లో ఇస్తామన్నా ఒకే బండి బేరం కాబట్టి కుదరదు. ఆర్‌టీజీఎస్ గానీ నెఫ్ట్ గానీ చేయమనండి, రెండూ రోజంతా పనిచేస్తాయి. వాళ్లు చూపించే స్క్రీన్‌షాట్ వద్దు, వచ్చిన మెసేజ్ వద్దు. మీ ఖాతా మీరే తెరిచి, బ్యాలెన్స్ పెరిగిందని కళ్లారా చూశాకే తాళం ఇవ్వండి.

అడ్వాన్స్ తీసుకుంటే కాగితం రాసుకోండి: ఎంత, మిగతాది ఏ తేదీకి, ఆ తేదీ దాటితే ఏమవుతుంది. ఈ చివరిది రాయకపోవడం వల్లే గొడవలన్నీ వస్తాయి.

సంతకాలు: ఇక్కడ మాత్రం నిదానం

మా బాబాయి తన అంబాసిడర్ ఒక బ్రోకరుకు ఇచ్చాడు. డబ్బు మొత్తం ముట్టింది. బ్రోకరు పేరు మార్పుకు కావాల్సిన ఫారం 29, 30 తెచ్చి, “ఖాళీగానే సంతకం పెట్టండి బాబాయ్ గారూ, పార్టీ దొరకగానే పేరు రాసుకుంటాం” అన్నాడు. పెట్టేశాడు. ఏడాదిన్నర తర్వాత బాబాయి ఫోన్‌కు చలాన్లు రావడం మొదలైంది. తను ఎప్పుడూ వెళ్లని ఊరు, హెల్మెట్ కాదు, సీటు బెల్టు కాదు, సిగ్నల్ జంపింగు. బండి అప్పటికి ఎన్ని చేతులు మారిందో ఎవరికీ తెలియదు. బాబాయికి అప్పుడు పట్టిన టెన్షన్ చలాన్ల డబ్బు గురించి కాదు. ఆ బండి ఎవరినైనా గుద్దితే?

ఆ భయం నిజమైనదే. సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో ఇచ్చిన ఒక తీర్పులో, చాలా చేతులు మారిన కారు ప్రమాదానికి కూడా రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీద ఉంటే వాళ్లే యజమాని, పరిహారం బాధ్యత వాళ్లదే అని చెప్పింది. ఎప్పుడో అమ్మేశాను అన్న మాట చెల్లలేదు.

అందుకని ఖాళీ ఫారం మీద సంతకం పెట్టొద్దు. కొనేవాళ్ల పేరు, అడ్రసు మీ కళ్ల ముందు నిండాకే పెట్టండి. అమ్మినట్టు తెలిపే ఫారం 29ను అదే రాష్ట్రంలో అయితే 14 రోజుల్లో మీ వైపు నుంచి మీరే ఆర్టీఓకు చేర్చండి. తన పేరు మీదకు మార్పించుకునే ఫారం 30ను కొన్నవాళ్లు 30 రోజుల్లో పెట్టాలి. బండి కోయంబత్తూరుకో పుణేకో పోతుంటే ఫారం 28తో ఎన్ఓసీ (అభ్యంతరం లేదని ఆర్టీఓ ఇచ్చే కాగితం) కావాలి. అది చేతికొచ్చాకే బండి కదలాలి. కొనేది వ్యాపారి అయితే, 2023 ఏప్రిల్ నుంచి ఒక మంచి ఏర్పాటు ఉంది. అనుమతి పొందిన డీలర్లకు బండి అప్పగించినట్టు ఫారం 29సి నమోదు చేస్తే, అప్పటి నుంచి బాధ్యత వాళ్లది. ఆ అనుమతి ఉందా అని అడగండి. లేదంటే, పేరు మారేదాకా బండి మీ ఇంటి ముందే ఉండనివ్వండి.

బండి అప్పగించేటప్పుడు డెలివరీ లెటర్ రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి. అందులో తేదీ ఒక్కటే చాలదు, టైమ్ కూడా వేయండి. “సాయంత్రం 4.20కి అప్పగించాను” అని ఉండాలి. అదే రోజు సాయంత్రం ఐదింటికి ఏదైనా జరిగితే ఆ టైమ్ పనికొస్తుంది. కొన్నవాళ్ల లైసెన్సు జిరాక్స్, ఇద్దరు సాక్షుల ఫోన్ నెంబర్లు దానికి పిన్ చేయండి. ఇన్సూరెన్సు కంపెనీకి అమ్మిన సంగతి రాసి పంపండి. అద్దం మీద ఫాస్టాగ్ ఉంటే తీసి, బ్యాంకుకు చెప్పి ఆపేయించండి. లేకపోతే వాళ్లు వెళ్లే టోల్ మీ ఖాతాలోంచి కడతారు.

డ్యాష్‌బోర్డు అర, సీట్ల కింద, డిక్కీలో స్టెప్నీ వెనక ఒకసారి చెయ్యి పెట్టి వెతకండి. బాబాయి బండిలో సీటు కింద పిన్ని పోయిందనుకున్న వెండి కుంకుమ భరిణె దొరికింది.

నెల దాటాక కేంద్ర రవాణా శాఖ వారి పరివాహన్ సైట్‌లో మీ పాత బండి నెంబరు కొట్టి, యజమాని పేరు మారిందో లేదో చూడండి. పేరులో కొన్ని అక్షరాలు దాచి చూపిస్తుంది, అయినా మీదో కాదో తెలుస్తుంది. ఇంకా మీ పేరే ఉంటే, డెలివరీ లెటర్, ఫారం 29 రసీదు పట్టుకుని ఆర్టీఓ ఆఫీసుకు వెళ్లి, రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి దాని మీద స్టాంపు వేయించుకోండి. మా బాబాయి ఆ పని రెండేళ్లకు చేశాడు. మీరు ముప్పై ఒకటో రోజునే చేయండి.